విశాఖ వీధుల అల్లిక, నగర విస్తరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

అటు భీమిలి, ఇటు అనకాపల్లి దాకా పరుచుకున్న ఊరు మనది. ఊరు ఎంత పెరిగిందో అందరూ చెబుతారు. ఎలా పెరిగిందో తెలియాలంటే మాత్రం భవనాలను కాదు, వాటి మధ్య వీధులను చూడాలి. ఈ విషయం మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాం.

వీధుల అనుసంధానం అంటే ఏమిటి? రోడ్డు వెడల్పుగా ఉంటే సరిపోదా?

సరిపోదు. వెడల్పు ఒక రోడ్డుకు సంబంధించిన సంగతి. అనుసంధానం అంటే ఒక వీధికి మరో వీధితో ఉన్న సంబంధం. మీ ఇంటి నుంచి బయటికొచ్చాక ఎన్ని వైపులకు పోవచ్చు? ఒక దారి మూసేస్తే ఇంకోటి ఉందా? పక్క కాలనీలో కనిపిస్తున్న బడికి నేరుగా నడిచి వెళ్లొచ్చా, లేక హైవే దాకా వచ్చి చుట్టు తిరగాలా? వంద అడుగుల రోడ్డు ఉండి కూడా వీటన్నిటికీ జవాబు "లేదు" కావొచ్చు. పన్నెండు అడుగుల సందుల పేటలో అన్నిటికీ "ఉంది" అనీ రావొచ్చు.

ఊరు విస్తరించడం తప్పా? జనం పెరిగితే ఊరు పెరగదా?

పెరుగుతుంది, పెరగాలి. 1901లో విశాఖపట్నం జనాభా నలభై వేల పైచిలుకు. 2011 జనగణన నాటికి 17 లక్షలు దాటింది. అంతమంది పాత ఊరైన వన్ టౌన్‌లో పట్టరు. అడగాల్సింది నేల ఖర్చు గురించి. జనాభా పెరిగే వేగం కన్నా ఊరు నేలను మింగే వేగం ఎక్కువైతే దాన్ని అదుపు లేని విస్తరణ అంటారు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 అనే సూచిక ఈ రెండు వేగాల నిష్పత్తినే చూస్తుంది.

కానీ ఆ సూచిక ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. ఒకే విస్తీర్ణంలో ఒకే జనాభా ఉన్న రెండు కాలనీల్లో ఒకటి నడకకు వీలుగా ఉండొచ్చు, రెండోది పాల ప్యాకెట్టుకు కూడా బండి తీసేలా ఉండొచ్చు. తేడా వీధులు కలిసిన తీరులో ఉంటుంది. అందుకే పరిశోధకులు కొన్నేళ్లుగా వీధుల నెట్‌వర్క్‌నే విస్తరణకు కొలతగా తీసుకుంటున్నారు.

దీన్ని లెక్కల్లో ఎలా చెబుతారు?

కాగితం మీద మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టండి. తొమ్మిది జంక్షన్లు. పక్కపక్క చుక్కలన్నిటినీ గీతలతో కలిపితే 12 రోడ్డు ముక్కలు వస్తాయి. ఈ మూల నుంచి ఎదురు మూలకు పోవడానికి సమాన దూరంలో ఆరు దారులుంటాయి. ఇప్పుడు పై వరుసలో, కింది వరుసలో ఉన్న అడ్డ గీతలు నాలుగూ చెరిపేయండి. నడుమ ఒక రోడ్డు, దానికి అటూ ఇటూ సందులు మిగులుతాయి. ముక్కలు 8. ఏ ఇంటికీ దారి పోలేదు, అన్నీ కలిసే ఉన్నాయి. కానీ ఆరు చుక్కలు డెడ్ ఎండ్‌లు అయ్యాయి. మూల నుంచి మూలకు ఒకటే దారి. పక్క సందు చివరికి ఒక ముక్క నడిస్తే సరిపోయేది కాస్తా మూడు ముక్కలైంది.

రోడ్డు ముక్కల సంఖ్యను జంక్షన్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని బీటా సూచిక అంటారు. మొదటి బొమ్మకు 1.33, రెండోదానికి 0.89. ఒక్కో జంక్షన్‌లో సగటున ఎన్ని దారులు కలుస్తున్నాయన్నది ఇంకో కొలత. నాలుగు రోడ్ల జంక్షన్‌కు 4, మూడు రోడ్ల దానికి 3, డెడ్ ఎండ్‌కు 1. రోడ్డు మీద నడిచే దూరాన్ని పక్షి ఎగిరే దూరంతో భాగించి చుట్టుతనం కొలుస్తారు. చెట్టు కొమ్మల్లా ఒకే కాండం మీద ఆధారపడిన వీధులెన్ని అన్నదీ చూస్తారు. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి కొలతలన్నీ కలిపి వీధుల తెగుదలకు ఒకే సూచిక తయారు చేశారు. అది ఎంత ఎక్కువైతే అల్లిక అంత అధ్వానం.

యాభై ఏళ్ల కిందటి వీధులు ఇప్పుడెలా కొలుస్తారు? అప్పటి మ్యాపులు ఉన్నాయా?

అన్ని ఊళ్లకూ లేవు. అందుకే ఒక ఉపాయం చేస్తారు. నేటి వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాపులో ఉన్నాయి. ఏ ప్రాంతం ఏ కాలానికి కట్టడాలతో నిండిందో 1970ల నుంచి ఉన్న ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి. రెండూ కలిపితే 1975కు ముందు పుట్టిన వీధులివి, 1990 తర్వాతవి ఇవి అని విడదీయొచ్చు.

దీనికి రెండు లోపాలున్నాయి. ఇవాళ మిగిలిన వీధినే చూస్తున్నాం కాబట్టి మధ్యలో ఎవరో గోడ కట్టి మూసేసిన దారి లెక్కలోకే రాదు. రెండోది, మ్యాపులో గేటు గుర్తించకపోతే వాచ్‌మన్ ఆపేసే రోడ్డు కూడా నడిచే దారిగానే కనిపిస్తుంది. మన ఊళ్ల విషయంలో ఈ రెండో లోపం చిన్నది కాదు. అసలు పరిస్థితి సూచిక చెప్పేదానికన్నా కాస్త ఘోరంగానే ఉంటుందనుకోవాలి.

ప్రపంచమంతా ఇలాగే ఉందా?

మొత్తం మీద ధోరణి కిందికే. 1975 తర్వాత పుట్టిన వీధులు చాలా దేశాల్లో అంతకుముందు వాటికన్నా తక్కువగా కలిసి ఉన్నాయని ఆ ఇద్దరు పరిశోధకులే 2020లో చూపించారు. లాటిన్ అమెరికాలోని గళ్ల నగరాలు, జపాన్ నగరాలు మెరుగైన వైపున ఉంటే, ఆగ్నేయాసియాలో గేట్ల కాలనీలతో అల్లిక బాగా తెగిపోయింది.

ఆసక్తికరమైన కథ అమెరికాది. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే ఊరిని డెడ్ ఎండ్ వీధులతో వేశారు. కార్ల నుంచి పిల్లలను కాపాడాలన్నది ఉద్దేశం. అక్కడ నడిచేవాళ్లకు వెనకనుంచి వేరే దారులున్నాయి. తర్వాత దేశమంతా ఆ మూసిన వీధులను కాపీ కొట్టింది, నడక దారులను వదిలేసింది. అమెరికా కొత్త వీధుల తెగుదల 1994 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. అంటే ఈ జబ్బు కుదిరేదే. మనం మాత్రం వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని ఇప్పుడు బ్రోచర్లలో అచ్చేసుకుంటున్నాం.

విశాఖలో అధ్వానమైన వీధులు పాత ఊళ్లోనే కదా?

ఇరుకు నిజమే, కానీ వంకర వేరు, తెగిపోవడం వేరు. కురుపాం మార్కెట్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిచి చూడండి. ఒక సందులో బండి అడ్డం పెడితే పక్క సందులోంచి పోతారు. రెండు నిమిషాలకో మలుపు, మలుపుకో దారి. చెంగల్రావుపేట, అల్లిపురం కూడా అంతే. ఫైరింజను దూరడం కష్టం, పార్కింగ్ లేదు, కాలువలు పొంగుతాయి. అవన్నీ వెడల్పుకు, నిర్వహణకు సంబంధించిన జబ్బులు. అల్లిక పరంగా చూస్తే ఆ పేటలు చాలా కొత్త కాలనీల కన్నా ఆరోగ్యంగా ఉన్నాయి.

కొండలు, సముద్రం ఉన్న ఊరు. ఇక్కడ రోడ్లు కలవకపోతే అది భూమి తప్పు కాదా?

కొంతవరకు భూమి కారణమే. తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన డాల్ఫిన్ నోస్, యారాడ కొండలు, ఉత్తరాన సింహాచలం కొండల వరుస, మధ్యలో కైలాసగిరి. హనుమంతవాక దాటాక 70 చదరపు కిలోమీటర్లకు పైగా కంబాలకొండ అభయారణ్యం. దాని గుండా అడ్డరోడ్లు వేయకూడదు, వేయాలనడం కూడా తప్పే. అందుకే మద్దిలపాలెం నుంచి మధురవాడ వెళ్లేవారికి హైవే, లేకపోతే బీచ్ రోడ్డు. మూడోది లేదు.

తర్వాత మనుషులు కట్టిన కొండలున్నాయి. 1933లో పోర్టు మొదలైంది. 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, తర్వాత జింక్ కర్మాగారం, ఉక్కు ఫ్యాక్టరీ. వీటితోపాటు నౌకాదళ స్థావరాలు, విమానాశ్రయం, రైల్వే యార్డులు. ఒక్కోటీ తన చుట్టూ ప్రహరీ కట్టుకుంది. ఆ ప్రహరీల్లో చాలావరకు పాత ఊరికీ గాజువాకకూ మధ్యనే పడ్డాయి. గాజువాక నుంచి నగరంలోకి రావడానికి ఉన్నవి కొన్ని దారులే. ఈ పరిశ్రమలే లక్షలమందికి అన్నం పెట్టాయి కాబట్టి ఇక్కడ తప్పొప్పుల పంచాయతీ పెట్టడం లేదు. కానీ భూమి తప్పు అనేముందు గోడలను కూడా లెక్కపెట్టాలి.

మూడో రకం అడ్డంకికి మాత్రం ఏ సాకూ లేదు. కొమ్మాదిలోనో పరదేశిపాలెంలోనో చదునైన నేల మీద, పక్కపక్కనే ఉన్న రెండు లేఅవుట్ల రోడ్లు ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చి గోడ దగ్గర ఆగిపోతాయి. అక్కడ కొండా లేదు, గెడ్డా (వాగు) లేదు. కొండలను తిట్టడం తేలిక గానీ, మన ఊరి తెగుదలలో పెద్ద వాటా ఈ చదును నేల మీదిదే అని నా అభిప్రాయం.

అంటే పాత ప్రణాళిక కాలనీలు మెరుగా?

చాలావరకు మెరుగే. 1978లో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పడింది. 2018లో వీఎంఆర్డీఏగా మారింది. వుడా వేసిన ఎంవీపీ కాలనీని చూడండి. సెక్టార్లుగా విడగొట్టినా లోపలి వీధులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. నడుమ డబుల్ రోడ్డు. బయటికి పోవడానికి ఇసుకతోట, వెంకోజీపాలెం వైపు హైవే ఉంది, లాసన్స్ బే వైపు బీచ్ ఉంది. ఒక్కో వీధి మొదట్లో నివాసానికే వేశారు. తర్వాత కొన్నిటిలో దుకాణాలొచ్చాయి, క్లినిక్కులొచ్చాయి. కలిసిన వీధి కాబట్టే వ్యాపారం నిలబడింది. డెడ్ ఎండ్‌లో ఎవరూ మందుల షాపు పెట్టరు.

ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగుల కాలనీ అయిన ఉక్కునగరం సంగతి వేరు. లోపల అల్లిక చక్కగానే ఉంటుంది. బయటి ఊరితో కలిసేది మాత్రం కొన్ని గేట్ల దగ్గరే. సగటు తీస్తే మంచి మార్కులే రావొచ్చు, పక్క ఊరివాడికి మాత్రం అది చుట్టు తిరగాల్సిన పెద్ద ముక్క. కొలిచేటప్పుడు లోపలి లెక్కనూ అంచుల లెక్కనూ విడివిడిగా చూడాలనడానికి కారణమిదే.

మరి తర్వాతి కాలనీలు ఎందుకు చెడ్డాయి?

ఒక పెద్ద చేతి స్థానంలో వంద చిన్న చేతులు వచ్చాయి. 2005లో గాజువాకను, చుట్టుపక్కల 32 గ్రామాలను నగరంలో కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ) ఏర్పాటు చేశారు. తర్వాత భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. ఊరి హద్దు కాగితం మీద ఒక్కసారి పెరిగింది. నేల మీద మాత్రం ఒక్కో రైతు దగ్గర రెండెకరాలు, నాలుగెకరాలు కొన్నవాళ్లు తలా ఒక లేఅవుట్ వేస్తూ పోయారు. పాత పొలం గట్టే కొత్త కాలనీ సరిహద్దయింది. ఎవరి ముక్కకు వాళ్లు మెయిన్ రోడ్డు నుంచి ఒక దారి తెచ్చుకున్నారు. పక్క ముక్కతో కలవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఇందులో మన కొనుగోలుదారుల పాత్ర కూడా ఉంది. తూర్పు ముఖం ప్లాటుకు గిరాకీ ఎక్కువ. అందుకని వ్యాపారి ఉత్తర దక్షిణాలుగా పొడవాటి రోడ్లు వేసి, అటూ ఇటూ ప్లాట్లు కోస్తాడు. నడుమ అడ్డరోడ్డు వేస్తే అమ్ముకునే గజాలు పోతాయి, కాబట్టి అడ్డరోడ్లు తక్కువ. పక్క లేఅవుట్ రోడ్డు వచ్చి తమ ప్లాటుకు ఎదురుగా తగిలితే అది వీధిపోటు, ధర పడిపోతుంది. గోడ కట్టేస్తే పోటూ ఉండదు, బేరమూ పోదు. నాలుగు రోడ్ల జంక్షన్ వేసి ఉంటే అసలు పోటే ఉండేది కాదని వాస్తు చెప్పేవాళ్లయినా రియల్టర్లకు చెబితే బాగుండును.

సింహాచలం పరిసరాల పంచగ్రామాల్లో ఇంకో చిక్కు ఉంది. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లిలో దేవస్థానం భూముల వివాదం ఏళ్ల తరబడి నడిచింది. హక్కు తేలని నేల మీద ఇళ్లు ఆగవు గానీ, పద్ధతైన లేఅవుట్లు మాత్రం రావు. ఇంటి తర్వాత ఇల్లు వెలిసి, మిగిలిన సందే వీధి అవుతుంది.

గేటెడ్ కమ్యూనిటీ అంటే భద్రత. అందులో తప్పేముంది?

లోపల ఉన్నవారికి లాభమే. ఖర్చు బయటివారి మీద పడుతుంది. పదెకరాల గేటెడ్ కమ్యూనిటీ ఒకటి వస్తే పెద్ద నష్టం లేదు. ఇలాంటివి ఐదు వరుసగా వస్తే కిలోమీటరు పొడవున అడ్డంగా దాటే దారి ఉండదు. అందుకే మన రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో ఒక షరతు పెట్టారు. ఇలాంటి సముదాయాలు కట్టేవారు లోపలి భూములకు చేరేందుకు తమ స్థలం అంచున పబ్లిక్ రోడ్డు వదలాలి. చాలా మంచి షరతు. అది అవతలి రోడ్డుతో కలిసిందా లేదా అని చూసే కన్ను కూడా ఉంటేనే దానికి ఫలితం.

మామూలు లేఅవుట్ సంగతి ఇంకా స్పష్టం. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లు, ఉమ్మడి ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు చెందుతాయి. ఆ తర్వాత రోడ్డుకు అడ్డంగా సంఘం వారు గేటు పెట్టి తాళం వేస్తే, వాళ్లు తాళం వేసింది అందరి రోడ్డుకు.

ఫ్లైఓవర్లు, బైపాస్ వచ్చాయి కదా. అనుసంధానం పెరిగినట్టు కాదా?

దూర ప్రయాణానికి పెరిగింది. అనకాపల్లి నుంచి ఆనందపురానికి సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వచ్చాక ఊళ్లో పనిలేని లారీకి ఊళ్లోకి రావాల్సిన అగత్యం తగ్గింది. ఎన్ఏడీ ఫ్లైఓవర్‌తో అక్కడి నరకం కొంత తీరింది. కానీ మురళీనగర్‌లో ఒక వీధి పక్క వీధితో కలవడానికి ఫ్లైఓవర్ ఏం చేస్తుంది? కొన్నిచోట్ల హైవే వెడల్పయ్యేకొద్దీ, మధ్యలో డివైడర్ ఎత్తయ్యేకొద్దీ, అటూ ఇటూ ఉన్న పేటలు ఇంకా దూరమవుతాయి. చిన్న దూరాలకు కూడా జనం హైవే ఎక్కాల్సి రావడమే అసలు రద్దీ. దాన్ని హైవే వెడల్పు చేసి తగ్గించాలనుకోవడం తలనొప్పికి పెద్ద తలపాగా కొన్నట్టే.

ఇప్పుడు అన్నీ అపార్టుమెంట్లే. ఎత్తుకు పెరిగితే విస్తరణ తగ్గినట్టేగా?

నేల వాడకం తగ్గుతుంది. వీధులు మారవు. ఒకే దారి ఉన్న లేఅవుట్‌లో నలభై ఇళ్ల స్థానంలో నాలుగొందల ఫ్లాట్లు వస్తే, ఆ ఒక్క దారి మీదికే పదింతల బళ్లు వస్తాయి.

తుపానుకు, వీధుల అల్లికకు సంబంధం ఉందా?

ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీదుగా తీరం దాటినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. పైన గీసిన తొమ్మిది చుక్కల బొమ్మలో ఒక్క గీత తెంపి చూడండి. మొదటి బొమ్మలో మరో దారి దొరుకుతుంది. రెండో బొమ్మలో ఏ గీత తెంపినా ఎవరో ఒకరు చిక్కుబడతారు. అంబులెన్సుకైనా, నీళ్ల ట్యాంకరుకైనా ఇదే లెక్క.

కొండవాలు కాలనీల్లో గళ్ల వీధులు ఎలా వేస్తారు?

వేయరు, వేయకూడదు. వాలు మీద నిట్టనిలువు రోడ్డు ప్రమాదం, కొండ కోస్తే చరియలు జారతాయి. అక్కడ వాహనానికి వాలు వెంబడి రోడ్డు, మనిషికి అడ్డంగా మెట్లు. మన కొండవాలు పేటల్లో జనం ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. ఆ మెట్లకు రెయిలింగు, దీపం, పక్కన కాలువ ఉంటే అవే చక్కటి వీధులు. వాటిని మ్యాపులో ఎక్కించకపోవడం వల్ల చాలామంది అక్కడ దారే లేదనుకుంటారు.

ఇళ్లు పడగొట్టి కట్టినట్టు వీధులు మార్చలేమా?

దాదాపు మార్చలేం. ఇల్లు ఒక యజమానిది. వీధి మార్చాలంటే దానికి ఆనుకున్న వాళ్లందరి ఆస్తి హద్దులు కదలాలి, కింద ఉన్న నీటి గొట్టాలు, మురుగు, కేబుళ్లు కదలాలి. న్యూయార్క్‌లో మాన్‌హటన్ గళ్లు 1811లో గీసినవి. వాటి మీద ఇళ్లు ఎన్నిసార్లు మారినా గళ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఆనందపురం వైపు ఈ ఏడాది జేసీబీ పెట్టి వేస్తున్న ఎర్రమట్టి రోడ్డు మన మనవల కాలానికీ అక్కడే ఉంటుంది.

వేరేచోట్ల ఎవరైనా సరిగ్గా చేశారా?

మన దేశంలోనే ఉంది, అహ్మదాబాద్. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టం నుంచి వచ్చిన పద్ధతి అక్కడ ఇంకా నడుస్తోంది. ఒక ప్రాంతంలోని పొలాలన్నిటినీ కాగితం మీద కలిపేస్తారు. ముందు రోడ్ల అల్లిక గీస్తారు, పార్కులకు, బడులకు చోటు తీస్తారు. తర్వాత ఎవరి వాటా తగ్గించి వాళ్లకు చక్కటి ఆకారంలో ప్లాటు తిరిగి ఇస్తారు. రైతు కొంత నేల వదులుకుంటాడు గానీ మిగిలిన నేల విలువ పెరుగుతుంది. ఇక్కడ కీలకం వరుస. రోడ్డు ముందు, లేఅవుట్ తర్వాత. మన దగ్గర భూసమీకరణ పేరుతో ఇలాంటివి జరిగినా, రోజువారీ లేఅవుట్లకు ఈ వరుస పట్టలేదు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రాంతంలో ఇంకో దారి ఎంచుకున్నారు. కొత్త నివాస ప్రాంతాల్లో సుమారు 160 మీటర్లకు మించకుండా ఒక వీధి కలిసి తీరాలని నిబంధన పెట్టారు. కొండో వాగో అడ్డొస్తే మినహాయింపు ఉంటుంది.

ఇప్పటికే కట్టేసిన కాలనీలో ఏమైనా చేయగలమా?

పెద్ద రోడ్లు వేయలేం, కోసిన ముక్కలను కుట్టగలం. రెండు డెడ్ ఎండ్‌ల మధ్య ఉన్నది ఒట్టి గోడే అయితే, అందులో మనిషీ సైకిలూ పట్టేంత తలుపు చాలు. కార్లు రాకపోతే కాలనీవాసుల భయం సగం తగ్గుతుంది. గెడ్డ మీద చిన్న కాలిబాట వంతెన వేస్తే అవతలి బస్టాపు ఐదు నిమిషాల నడకకు వస్తుంది. ఇలాంటి చోట్లను గుర్తించడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. ఎక్కడ గోడ మీద ఇటుకలు ఊడి, జనం దూకిన గుర్తులుంటాయో అక్కడే కావాలి దారి. సంక్షేమ సంఘం ఒప్పుకుంటే వార్డు స్థాయిలో తేలే పని ఇది. ఒప్పుకోకపోతే, ఆ రోడ్డు గిఫ్ట్ డీడ్ కాపీ సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు.

ప్లాటు కొనబోతున్నాను. వీధుల పరంగా ఏం చూసుకోవాలి?

లేఅవుట్ ప్లాన్‌లో ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) చూసి ఆగిపోకండి. బయటికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి. ఒకటే ఉంటే, ఆ ఒకటి ఎవరి పేరున ఉందో అడగండి. పక్క రైతు పొలంలోంచి మాట మీద నడుస్తున్న దారి అయితే రేపు ఆయన కంచె వేస్తాడు. ప్లాన్‌లో అంచు దాకా గీసిన రోడ్డుకు అవతల ఏముందో మాస్టర్ ప్లాన్‌లో వెతకండి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పితే అది ఒకప్పుడు గెడ్డో, చెరువు గర్భమో, డొంక దారో తెలుస్తుంది. చివరగా ఒక సాయంత్రం బండి దూరంగా పెట్టి, ప్లాటు నుంచి బస్టాపుకూ కిరాణా కొట్టుకూ నడిచి చూడండి. "ఫలానా జంక్షన్‌కు ఐదు నిమిషాలు" అని బ్రోచర్ చెప్పింది కారులో, అదీ తెల్లవారుజామున అయి ఉంటుంది.